టర్కీలో వారం రోజులు యాట్ మీద: గోజెక్‌లోనే తిరగాలా, కెకోవా దాకా పోవాలా?

రాజమండ్రి_వాసు | జనవరి 14

అందరికీ నమస్కారం. మేం మాంచెస్టర్‌లో ఉంటాం. మే ఆఖర్లో పిల్లలకి హాఫ్ టర్మ్ సెలవులు, అప్పటికి అమ్మా నాన్నా కూడా రాజమండ్రి నుంచి మా దగ్గరికొచ్చి ఉంటారు, మా బావమరిది వాళ్ళిద్దరూ కలిస్తే మొత్తం ఎనిమిది మందిమి. ఈసారి హోటలూ బస్సూ కాకుండా టర్కీ తీరం వెంబడి వారం రోజులు పడవలోనే ఉందామని, అదీ తెరచాప ఉన్న పడవలో ఉండాలని నా కోరిక. నాన్నగారు చిన్నప్పుడు గోదారి మీద లాంచీలూ చాప ఎత్తిన పడవలూ చూస్తూ పెరిగిన మనిషి, ఆయన్ని ఒక్కసారి అలాంటి దాని మీద కూర్చోబెట్టాలని ఎప్పట్నుంచో ఉంది. దలమన్‌లో విమానం దిగి, గోజెక్‌లో పడవెక్కి, ఫెతియె, ఓలుదెనిజ్, కల్కాన్, కాష్, కెకోవా చూసుకుని మళ్ళీ గోజెక్ వచ్చేయాలని నా లెక్క. నాకు నడపడం రాదు, స్కిప్పర్‌ని పెట్టుకుంటాం. నాన్నకి మోకాళ్ళ నొప్పులు, అమ్మ శాకాహారి, పిల్లలకి 11, 8. ఇదంతా వారంలో అవుతుందా? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

తెరచాప | జనవరి 14

వాసు గారూ, మేం మూడుసార్లు వెళ్ళాం, అందులో రెండుసార్లు నేనే నడిపాను, మా ఆయన తాళ్ళు చూసుకున్నారు. కాబట్టి ఖచ్చితంగా చెప్తున్నా, ఈ రూటు వద్దు.

వారం అని అంటారు గానీ చేతికొచ్చేది అయిదున్నర రోజులే. శనివారం సాయంత్రం నాలుగైదింటికి పడవ అప్పజెప్తారు, సామాన్లు సర్దుకుని స్కిప్పర్ ఇది ఎలా వాడాలి అది ఎలా వాడాలి అని చూపించేసరికి చీకటి పడుతుంది. మళ్ళీ శుక్రవారం సాయంత్రానికి మరీనాలో, అంటే పడవలు కట్టే రేవులో ఉండాలి, శనివారం పొద్దున తొమ్మిదింటికి ఖాళీ చేయాలి. గోజెక్ నుంచి కెకోవాకి సుమారు 70 నాటికల్ మైళ్ళు. ఒక నాటికల్ మైలంటే 1.852 కిలోమీటర్లు, పడవ గంటకి అయిదారు మైళ్ళు వెళ్తుంది, అంటే ఒక్క వైపే 12 నుంచి 14 గంటలు. పైగా ఓలుదెనిజ్ దాటాక పతారా దాకా యెది బురున్‌లర్ అంటారు, ఏడు కొమ్ములన్నమాట, సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేల కొసలు, కొండలు నిటారుగా సముద్రంలోకి దిగుతాయి, దూరి తలదాచుకోడానికి చోటుండదు, అల లేచిందంటే పెద్దవాళ్ళకి నరకం. వెళ్ళేటప్పుడు గాలి వెనక నుంచొచ్చి బానే ఉందనిపిస్తుంది, తిరిగొచ్చేటప్పుడు అదే గాలి మొహానికి కొడుతుంది.

గోజెక్ చుట్టుపక్కలే ఉండండి. ఆ వంపులోనే పన్నెండు దీవులంటారు, రేవులు చాలా ఉన్నాయి. రోజుకి రెండు మూడు గంటల ప్రయాణం, మిగతా టైమంతా ఈత, తిండి, నిద్ర. మొదటిసారి మేం కూడా దూరాలు తిరగాలని పోయి రోజంతా ఇంజిన్ చప్పుడు వింటూ కూర్చున్నాం, ఆ వారం నాకిప్పటికీ బాధే.

చార్మినార్_కె | జనవరి 15

అన్నా, పెద్దోళ్ళు ఉన్నరు కదా, యాట్ ఎందుకు, గులెట్ తీస్కో. మేము పోయినేడు అట్లనే పోయినం. గులెట్ అంటే కట్టెతో చేసిన పెద్ద పడవ, మాది 24 మీటర్లు, ఆరు రూములు, అన్నిట్ల బాత్రూం, కెప్టెన్, వంటాయన, ఇంకొక పిలగాడు. పొద్దుగాల లేస్తే చాయ్, ఆలివ్ కాయలు, చీజ్, టమాట రెడీ. మా అమ్మ మాంసం ముట్టదు, వంటాయనకి ఒక్కసారి చెప్తే ప్రతి పూట వంకాయ, బీన్స్, పప్పు సూప్ చేసిపెట్టిండు. మెర్జిమెక్ అని ఎర్ర కందిపప్పు సూప్ ఉంటది, నిమ్మకాయ పిండుకుంటే మన పప్పుచారుకి చుట్టమే. ఒక్కటే ముచ్చట, తెరచాప ఉంటది గాని మా వారంల ఒక్క గంట ఎత్తిండ్రు, మిగతాదంతా ఇంజినే. నీకు చాప మీద పోవాల్నని ఉంటే ఆ సంగతి ముందే కెప్టెన్‌తోని మాట్లాడుకో. రూమ్ లెక్కన కూడా దొరుకుతది, ఫెతియె నుంచి దెమ్రె దాకా నాలుగు రోజులు, వేరేవాళ్ళతోని కలిసి పోవాలె, అండ్ల కెకోవా కూడా వస్తది.

రాజమండ్రి_వాసు | జనవరి 15

థాంక్యూ కె గారు, గులెట్ ఫోటోలు చూశాం, అమ్మకి తెగ నచ్చింది. కానీ ఇంజిన్ ఆపేసి ఒట్టి గాలితో వెళ్ళే ఆ నిశ్శబ్దం కోసమే నేను ఇదంతా మొదలెట్టింది. తెరచాప గారూ, ఎనిమిది మందికి యాట్‌లో ఇరుకవుతుందా? నాన్న మెట్లెక్కగలరా?

ఉప్పాడ_బాబి | జనవరి 16

వాసు గారండి, నేను టర్కీ ఎప్పుడూ వెళ్ళలేదండి, మాది ఉప్పాడ, నాన్న తాత అందరూ వేటకెళ్ళినవాళ్ళే, నేను మర్చంట్ షిప్పుల్లో చేస్తున్నాను. పడవ ఎక్కడైనా పడవే కాబట్టి రెండు మాటలు చెప్తాను. మీ నాన్నగారిని ఎక్కడ కూర్చోబెట్టాలంటే, అమరం దగ్గరండి. ముందు కొస అణియం, వెనక కొస అమరం, చుక్కాని ఉండేది అమరం వైపు, అక్కడ ఊపు తక్కువ. అణియం మీద కూర్చుంటే ప్రతి అలకీ పైకీ కిందకీ కొడుతుంది, ఫోటోలకి బాగుంటుంది గానీ మోకాళ్ళకి మంచిది కాదు. ఇంకోటి, ఎవరు లంగరు వేసినా వేసి వదిలేయడం కాదండి, పట్టిందో లేదో చూడాలి. మా తాత మోకు మీద అరచెయ్యి పెట్టి చూసేవాడు. లంగరు ఈడ్చుకుపోతుంటే తాడు గరగరా వణుకుద్ది, రాళ్ళమీద బండి పోతున్నట్టు తెలుస్తుంది. పట్టుకుంటే బిగుసుకుని కదలకుండా ఉంటది. గొలుసైనా అంతే.

తెరచాప | జనవరి 16

బాబి గారూ, సరిగ్గా ఇదే మాకు ట్రైనింగ్‌లో కూడా నేర్పించారు, గొలుసు మీద చెయ్యో కాలో పెట్టి చూడమని. అణియం అమరం అనే మాటలు మీ నోట వినడం ఎంత బాగుందో, మేమంతా బో, స్టెర్న్ అని అలవాటైపోయాం.

వాసు గారూ, మామూలు యాట్ గాలికి పక్కకి ఒరుగుతుంది. గాలి బాగుంటే పదిహేను ఇరవై డిగ్రీలు ఒరిగి పరిగెడుతుంది, ఇష్టమున్నవాళ్ళకి అంతకన్నా సుఖం లేదు, కానీ మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి, లోపల క్యాబిన్లు ఇరుకు. మీకు కాటమరాన్ సరిపోతుంది, రెండు పడవల్ని పక్కపక్కన పెట్టి మధ్యలో హాలు కట్టినట్టు ఉంటుంది. ఒరగదు. కూర్చునేచోటు, వంటగది, హాలు దాదాపు ఒకే మట్టంలో ఉంటాయి, పడుకునే గదికి మాత్రం మూడు నాలుగు మెట్లు. తెరచాప నిజంగానే ఎత్తొచ్చు, గాలికి ఎదురుగా పోవడంలో కొంచెం వెనకబడుతుందంతే. అద్దె మాత్రం అదే పొడవున్న మామూలు యాట్‌కి ఇంచుమించు రెట్టింపు, మరీనాలో కూడా వెడల్పుని బట్టి ఎక్కువ తీసుకుంటారు.

గాలి సంగతి. జులై, ఆగస్టుల్లో ఎజియన్ సముద్రం మీద ఉత్తరం నుంచి మెల్తెమి అనే గాలి వీస్తుంది, బోద్రుమ్, దాచ్చా వైపు రోజుల తరబడి ఆగకుండా కొడుతుంది. గోజెక్ కొండల చాటున ఉంటుంది కాబట్టి అంత జోరుండదు. మేలో ఎలా ఉంటుందంటే పొద్దున్నే నీళ్ళు అద్దం, ఆకు కదలదు, పన్నెండూ ఒంటిగంటకి సముద్రం మీంచి గాలి లేస్తుంది, సాయంత్రం ఆరింటికి తగ్గిపోతుంది. కాబట్టి పొద్దున ఈత, మధ్యాహ్నం చాప. ఈ లెక్క పట్టుకుంటే చాలు.

చరిత్ర_చెట్టు | జనవరి 18

కెకోవాని అంత తేలిగ్గా కొట్టేస్తున్నారు, నాకు మనసొప్పక రాస్తున్నా. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో భూకంపాలకి కుంగిపోయిన ఊరండీ అది, ప్రాచీన కాలంలో లిసియా అనే ప్రాంతానిది, గోడలు సగం కొండ మీద సగం నీళ్ళలో, రాతిమెట్లు నేరుగా సముద్రంలోకి దిగి కనబడకుండా పోతాయి. ఎదురుగా కలెకోయ్ అనే పల్లె, పైన కోట, ఒడ్డున లోతులేని నీళ్ళలో ఒక రాతి శవపేటిక ఒంటరిగా నిలబడి ఉంటుంది. మునిగిన ఊరి మీద ఈతా లంగరూ రెండూ నిషేధం, పడవలు మెల్లగా పక్కనుంచి వెళ్తాయి.

అదే తీరంలో కాష్ దగ్గర ఉలుబురున్ అనే కొమ్ము ఉంది. 1982లో స్పాంజీలు ఏరుకునే డైవర్‌కి అడుగున చెవులున్న లోహపు దిమ్మలు కనబడ్డాయి. అవి రాగి దిమ్మలు. క్రీస్తుపూర్వం 14వ శతాబ్దం చివర మునిగిన ఓడ. 1984 నుంచి 1994 దాకా 22 వేలకు పైగా డైవ్‌లు చేసి పైకి తీశారు. పది టన్నుల రాగి, ఒక టన్ను తగరం. ఆ రెండూ కలిపితే కంచు, పదికి ఒకటి పాళ్ళు కూడా సరిగ్గా కంచుకే. ఇంకా రోజ్‌వుడ్‌కి చుట్టమైన నల్లచేవ కర్ర, ఏనుగు దంతం, గాజు దిమ్మలు, ఈజిప్టు రాణి నెఫెర్తితి పేరు చెక్కిన బంగారు ముద్ర. మూడు వేల మూడొందల ఏళ్ళ కింద మీరు వెళ్ళాలనుకుంటున్న దారినే ఆ ఓడ వెళ్తోంది. ఆ సామాన్లన్నీ ఇప్పుడు బోద్రుమ్ కోటలో ఉన్న మ్యూజియంలో పెట్టారు.

కెకోవా చూడాలంటే గోజెక్ బదులు కాష్‌లోనో ఫినికెలోనో పడవ తీసుకోండి, ఏడు కొమ్ములు దాటే పనే ఉండదు.

తెరచాప | జనవరి 18

కరెక్టే, కెకోవాయే కావాలంటే కాష్ నుంచి మొదలెట్టాలి, నేను ఒప్పుకుంటున్నా. కానీ దలమన్ నుంచి కాష్‌కి రోడ్డు మీద రెండు గంటలు పైనే, చిన్నపిల్లలూ పెద్దవాళ్ళతో మొదటిసారి వెళ్ళేవాళ్ళకి గోజెక్‌లోనే రేవులు దగ్గర దగ్గర, గాలి కుదురు. చరిత్ర అక్కడా తక్కువేం లేదు. ఫెతియెలో కొండకి చెక్కిన అమింతాస్ సమాధి క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దానిది, రేవులోకి వస్తుంటేనే కనబడుతుంది. కయాకోయ్ అని 1923లో గ్రీసు, టర్కీల మధ్య జరిగిన జనాభా మార్పిడిలో గ్రీకులు వదిలిపోయిన ఊరుంది, కొండవాలంతా పైకప్పుల్లేని ఇళ్ళు. హమామ్ రేవులో మునిగిన గోడల పక్కనే ఈత కొట్టొచ్చు.

కడుపు_డాక్టరమ్మ | జనవరి 20

సీ సిక్‌నెస్ గురించి ఎవరూ రాయలేదు. వాంతులు మొదలయ్యాక మాత్ర పనిచేయదు, పడవ కదలడానికి గంటా రెండు గంటల ముందే వేసుకోవాలి. మీ నాన్నగారికి ప్రోస్టేట్, గ్లాకోమా, బీపీ మందులు ఏమన్నా ఉంటే డాక్టర్ని అడక్కుండా ఈ మాత్రలు ఇవ్వద్దు, చాలామందికి ఈ సంగతి తెలీదు. పడవ కదులుతున్నంతసేపూ లోపలికెళ్ళి ఫోన్ చూడకూడదు, దూరంగా ఆకాశం నీళ్ళూ కలిసే గీతని చూస్తూ గాలి తగిలేచోట కూర్చోవాలి. ఖాళీ కడుపు కూడా మంచిది కాదు, బిస్కెట్టో అటుకులో ఏదైనా పొడిగా తినాలి. పిల్లలకి లైఫ్ జాకెట్ సైజు ముందే అడగండి.

బ్రిస్టల్_పద్మ | జనవరి 22

వీసా గురించి. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి చెల్లుబాటులో ఉన్న యూకే, అమెరికా, ఐర్లాండ్ లేదా షెంగెన్ వీసా ఉంటే టర్కీ ఈ-వీసా ఇస్తారు, మీ అమ్మానాన్నలకి యూకే వీసా ఉంది కాబట్టి సరిపోతుంది. ప్రభుత్వ సైట్లోనే చేయండి, అదే రూపంలో కనిపించే వేరే సైట్లు ఎక్కువ డబ్బు లాగుతాయి. సింగిల్ ఎంట్రీ అన్నది గుర్తుపెట్టుకోండి, కాష్ ఎదురుగా మెయిస్ అనే గ్రీకు దీవి కనబడుతుంది, ఒక్కసారి వెళ్ళొద్దామనిపిస్తుంది, కానీ షెంగెన్ లేకుండా అక్కడ దిగలేరు, దిగినా ఆ ఈ-వీసా మీద మళ్ళీ టర్కీలోకి రాలేరు.

ఇంకో ముఖ్యమైన మాట డిపాజిట్. రెండేళ్ళ కింద మేం తీసుకున్న పడవకి వెనకవైపు గీత పడిందని 600 యూరోలు కోసుకున్నారు, ఆ గీత మేం ఎక్కకముందే ఉంది, కానీ మా దగ్గర ఫోటో లేదు. ఎంత బాధేసిందంటే ట్రిప్ ఆనందమంతా ఆ ఆఖరి గంటలో పోయింది. ఎక్కగానే పడవ చుట్టూ తిరిగి వీడియో తీయండి, చిన్న పడవతోనూ దాని ఇంజిన్‌తోనూ సహా, తీసింది వాళ్ళకి అక్కడికక్కడే పంపండి.

రాజమండ్రి_వాసు | ఫిబ్రవరి 2

అందరికీ చేతులెత్తి దణ్ణం. కాటమరాన్ బుక్ చేశాం, 42 అడుగులు, నాలుగు గదులు, స్కిప్పర్‌కి ముందువైపు చిన్న గది. గోజెక్ టు గోజెక్. కెకోవా ఈసారికి వదిలేశాం. చరిత్ర_చెట్టు గారూ, మీరు రాసింది నాన్నకి చదివి వినిపించా, రాగీ తగరం దగ్గర ఆపి మళ్ళీ చదవమన్నారు.

రాజమండ్రి_వాసు | జూన్ 9

వెళ్ళొచ్చాం! మీరందరూ ఇంత చెప్పారు కాబట్టి నేనూ వివరంగా రాయాలి.

మొదటి రాత్రి మరీనాలోనే. ఆదివారం పొద్దున యస్సిజా దీవుల దగ్గరికి గంట ప్రయాణం. స్కిప్పర్ నలభై దాటిన మనిషి, మాటలు తక్కువ, ఓపిక చాలా ఎక్కువ. అక్కడ లంగరు వేసే పద్ధతి నాకు కొత్త. ఒడ్డు పక్కనే లోతు ఇరవై ముప్పై మీటర్లు ఉంటుంది, అందుకని దూరంగా లంగరు వదిలి, గొలుసు యాభై మీటర్లు వదులుతూ వెనక్కి ఒడ్డువైపు వస్తారు, అప్పుడు ఒకళ్ళు తాడు కొస పట్టుకుని నీళ్ళలో దూకి ఈదుకుంటూ వెళ్ళి ఒడ్డున ఇనుప గూటానికి కట్టాలి. చెట్లకి కట్టడం అక్కడ నిషేధం, 1988 నుంచీ ఆ ప్రాంతమంతా రక్షిత ప్రాంతమట. మొదటిరోజు స్కిప్పర్ ఈదాడు, రెండోరోజు నుంచి మా పదకొండేళ్ళ అమ్మాయే, కాళ్ళకి రబ్బరు చెప్పులేసుకుని తాడు భుజం మీద వేసుకుని వెళ్ళేది. రాళ్ళమీద సముద్రపు ముళ్ళకాయలు నల్లగా ఉంటాయి, చెప్పుల్లేకుండా వెళ్ళకండి.

నీళ్ళు లీటర్లు లెక్కపెట్టుకుని వాడాం. టాయిలెట్‌లో కాగితం కూడా వేయకూడదు. ఆ మురుగు సముద్రంలో వదలకూడదు, టాంక్‌లో పట్టి ఉంచి మరీనాలో తోడిస్తారు, తోడించినట్టు మావి కార్ట్ అనే కార్డులో ఎక్కుతుంది, లేకపోతే పెద్ద జరిమానా. ఈ పని వాళ్ళు ఎంత గట్టిగా చేస్తున్నారో నీళ్ళు చూస్తే తెలుస్తుంది, పది మీటర్ల అడుగున మా లంగరు గొలుసు గాడి కనిపించింది. మన గోదారికి ఇలాంటి కార్డు ఒకటుంటే అని అమ్మ రోజుకోసారి అనేది.

తిండికి అమ్మకి ఇబ్బందే లేదు. పొద్దున ఒక చిన్న పడవలో ఒకావిడ పీటా అప్పడాల కర్రా పెనమూ పెట్టుకుని వచ్చింది, కూతురు పడవ నడుపుతోంది. మా పడవ పక్కన ఆపి, పిండి ముద్ద తీసి కాగితమంత పల్చగా ఒత్తి, పాలకూరా చీజూ పెట్టి మడిచి కాల్చి ఇచ్చింది, గోజ్‌లెమె. అమ్మ ఆవిడ చేతులే చూస్తూ కూర్చుంది, కర్ర సన్నగా పొడుగ్గా ఉంది, మన చపాతీ కర్రలా కాదు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, అయినా పావుగంట మాట్లాడుకున్నారు. మాటల్లో దుకాణం, మైదానం, కలం అన్నీ వాళ్ళకీ ఉన్నాయని స్కిప్పర్ చెప్పాడు. తాడు విప్పేముందు అతను హజిర్ అని అరిచేవాడు, రెడీనా అని అర్థం, నాన్న వెంటనే హాజర్ అనేవారు. సూపర్‌మార్కెట్ పడవ కూడా రేవుల్లోకి వస్తుంది, పెరుగు అక్కడే కొన్నాం.

కొన్ని రేవుల్లో హోటళ్ళకి చెక్క జెట్టీలున్నాయి, రాత్రి అక్కడ భోంచేస్తే పడవ కట్టుకున్నందుకు డబ్బు తీసుకోరు. భోజనం ధర మాత్రం ఊళ్ళోకన్నా బాగా ఎక్కువ. మేం రెండు రాత్రులు అలా, మిగతావి లంగరు మీదే.

బుధవారం గురించి రాయాలి. ఫెతియె నుంచి తిరిగొస్తుంటే రెండింటికి గాలి బాగా లేచింది. స్కిప్పర్ ఇంజిన్ కట్టేశాడు. ఆ చప్పుడు ఆగిపోగానే అందరం మాటలు ఆపేశాం. నీళ్ళు పడవకి రాసుకునే చప్పుడూ, తాళ్ళు కిర్రుమనడం, అంతే. నాన్న చుక్కాని దగ్గర నిలబడ్డారు, స్కిప్పర్ ఆయన చేతులు చక్రం మీద పెట్టి తను పక్కకి జరిగాడు. గంటకి ఏడు మైళ్ళు. ముప్పావుగంట ఆయనే పట్టుకున్నారు, మోకాళ్ళ మాట ఎత్తలేదు. దిగాక నాకు చెప్పింది ఒక్కటే, కోటిపల్లి రేవులో ఇసక పడవలు చాప ఎత్తితే ఇదే చప్పుడొచ్చేదిరా అని.

ఖర్చు కూడా చెప్పాలి కదా. పడవ 5,200 యూరోలు, స్కిప్పర్‌కి రోజుకి 200, అతని భోజనం మనదే, డీజిలూ మరీనా కలిపి 400 దాకా. పద్మ గారు చెప్పినట్టు వీడియో తీసి పంపాం, డిపాజిట్ మొత్తం వచ్చింది.

నెల్లూరు_సుమ | జూన్ 10

చదువుతుంటే కళ్ళు చెమర్చాయండి. మాకు అక్టోబర్ ఆఖరి వారం కుదురుతుంది, అప్పుడు ఎలా ఉంటుంది?

తెరచాప | జూన్ 10

సుమ గారూ, నీళ్ళు మే కన్నా వెచ్చగా ఉంటాయి, ఎండాకాలమంతా కాగి ఉంటాయి కాబట్టి. జనం పలచబడతారు. కానీ ఆరు దాటాక చీకటే, అప్పుడప్పుడు ఉరుములతో వానలు పడతాయి, రేవులోకి నాలుగింటికల్లా చేరిపోవాలి. కొన్ని జెట్టీ హోటళ్ళు నెలాఖరుకి మూసేస్తారు, ముందే ఫోన్ చేసి కనుక్కోండి. నడపడం నేర్చుకోవాలనుంటే ఇండియాలోనే మొదలెట్టొచ్చు, హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ మీద సెయిలింగ్ నేర్పుతారు. 2017-18లో నేవీ తెరచాప పడవ ఐఎన్ఎస్‌వీ తారిణి మీద ప్రపంచం చుట్టిన ఆరుగురు నేవీ అమ్మాయిల్లో ఇద్దరు మనవాళ్ళే, ఒకరు విశాఖ, ఒకరు హైదరాబాద్.

ఉప్పాడ_బాబి | జూన్ 11

వాసు గారండి, అన్నీ రాశారు గానీ ఒకటి రాయలేదు. గొలుసు మీద చెయ్యి పెట్టి చూశారా?

రాజమండ్రి_వాసు | జూన్ 11

చూశారు బాబి గారూ. గురువారం రాత్రి బోయ్‌నుజ్ బుకు అనే రేవులో ఉన్నాం, పదింటికి కొండల మీంచి ఉన్నట్టుండి గాలి దిగింది, పడవ అటూ ఇటూ ఊగడం మొదలెట్టింది. స్కిప్పర్ టార్చి పట్టుకుని ముందుకెళ్ళాడు, వెనకాలే నాన్న. వద్దన్నా వినలేదు. గొలుసు మీద అరచెయ్యి పెట్టి కళ్ళు మూసుకుని కాసేపు అలా ఉండి, కదలట్లేదురా, పట్టుకుంది అన్నారు. స్కిప్పర్ కూడా పెట్టి చూసి తల ఊపాడు. ఆ తర్వాత నాన్న లోపలికి రాలేదు, దుప్పటి తెప్పించుకుని అక్కడే పడుకున్నారు.